సిలబస్ సర్కారుది, ప్రార్థన చర్చిది: ఇంగ్లండ్ చర్చి బడుల తీరు

ఉద్యోగాల మీద ఇంగ్లండ్ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పిల్లల చదువు దగ్గర ఎదురయ్యే మొదటి వింత బడి పేరే. ఇంటికి దగ్గర్లో, చుట్టుపక్కల వాళ్లంతా బాగుంటుందని చెప్పే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పేరు చివర 'సి ఆఫ్ ఇ' అని ఉంటుంది. అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్. ఫీజు ఒక్క పెన్నీ కూడా ఉండదు. టీచర్ల జీతాలు సర్కారు సొమ్ములోంచే వస్తాయి. యూనిఫాం మీది గుర్తులో మాత్రం శిలువ ఉంటుంది. క్రైస్తవ బడి అంటే ఫీజు కట్టి చేర్పించే కాన్వెంటు అని అలవాటుపడ్డవాళ్లకు, సర్కారు బడీ చర్చి బడీ ఒకటే కావడం ఓ పట్టాన మింగుడుపడదు. దాంతో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: సిలబస్‌లో బైబిలు ఎంత?

కొంచెమే. అయితే ఆ జవాబుతో బడి తీరు తెలిసిపోదు. ఈ బడుల క్రైస్తవం పాఠాల్లో కంటే అసెంబ్లీ హాల్లో, ఇద్దరు పిల్లలు కొట్టుకున్నప్పుడు టీచరు మాట్లాడే పద్ధతిలో, అన్నిటికంటే ఎక్కువగా అడ్మిషన్ ఫారంలో కనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బడులు సుమారు 4,600. వాటిలో అత్యధికం ప్రాథమిక పాఠశాలలే. దేశంలోని ప్రాథమిక బడుల్లో దాదాపు నాలుగో వంతు ఇవి. పది లక్షల మంది దాకా పిల్లలు వీటిలో చదువుతున్నారు. పల్లెల్లోనైతే చాలాచోట్ల ఊరికి ఉన్న ఒకే ఒక్క బడి చర్చిది. అక్కడ ఎంచుకోవడం అన్న మాటే లేదు. రోమన్ కాథలిక్ బడులు వేరే ఉన్నాయి, వాటి పద్ధతులూ వేరు. ఇక్కడి చర్చ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బడుల గురించి మాత్రమే.

చదువు విషయం ముందు తేల్చేయవచ్చు. 1988 విద్యా సంస్కరణ చట్టంతో దేశమంతటికీ ఒకే జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చింది. ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు, చరిత్ర, భూగోళం, సంగీతం, బొమ్మలు, ఆటలు అన్నీ అందులోవే. చర్చి బడి పిల్లలూ పక్క వీధి మామూలు బడి పిల్లలూ రాసే పరీక్షలు ఒకటే. ఇయర్ 1లో ఫోనిక్స్ పరీక్షకు 40 మాటలు చదివిస్తారు. అందులో సగం అర్థంలేని కల్పిత మాటలు, పిల్లవాడు గుర్తుపెట్టుకుని చెబుతున్నాడా, అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాడా తెలుసుకోవడానికి. ఇయర్ 4లో ఎక్కాల పరీక్ష: కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు. (మన ఇళ్లలో పన్నెండో ఎక్కం దాకా వల్లె వేయించే తాతయ్యలు ఉన్న పిల్లలకు ఇది నల్లేరు మీద నడకే.) ఇయర్ 6లో, మే నెలలో, 'శాట్స్' అనే ప్రాథమిక బడి ముగింపు పరీక్షలు.

అమెరికాలోని కొన్ని క్రైస్తవ బడుల వివాదాలు చదివినవాళ్లకు వచ్చే అనుమానం పరిణామ సిద్ధాంతం మీద. ఇంగ్లండ్‌లో ఆ పేచీ లేదు. 2014లో అమల్లోకి వచ్చిన సవరించిన ప్రణాళికలో ఇయర్ 6 సైన్సులో 'పరిణామం, వారసత్వం' ఒక పాఠ్యాంశం. చర్చి బడుల్లోనూ శిలాజాలు, డార్విన్, పక్షుల ముక్కుల ఆకారాలు చెబుతారు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు దానిపై అభ్యంతరం లేదు. 2020 సెప్టెంబరు నుంచి అన్ని ప్రాథమిక బడుల్లోనూ తప్పనిసరైన, కుటుంబం, స్నేహాల గురించి చెప్పే 'సంబంధాల విద్య' కూడా అంతే, చర్చి బడి అని మినహాయింపు ఏమీ లేదు.

జాతీయ ప్రణాళికలో లేని పాఠం ఒకటుంది, అది మతం పాఠం, రిలిజియస్ ఎడ్యుకేషన్. దాన్ని 'ఆర్‌ఈ' అంటారు. అన్ని ప్రభుత్వ బడులూ అది చెప్పాల్సిందే, కానీ ఏం చెప్పాలో లండన్ నిర్ణయించదు. చర్చి బడుల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి: 'వాలంటరీ కంట్రోల్డ్', 'వాలంటరీ ఎయిడెడ్'. మొదటి రకంలో స్థానిక కౌన్సిల్ తరఫున తయారైన సిలబస్ చెబుతారు. రెండో రకంలో సిలబస్ నిర్ణయం గవర్నర్లది (బడి పాలకమండలి సభ్యులది), అంటే ఆచరణలో బిషప్ పరిధిలోని చర్చి యంత్రాంగమైన డయోసిస్‌ది. వారం మొత్తం బోధన సమయంలో పది శాతానికి దగ్గరగా, ఎట్టి పరిస్థితిలోనూ ఐదు శాతానికి తగ్గకుండా ఆర్‌ఈకి కేటాయించాలన్నది చర్చి నియమం. అంటే వారానికి గంటా, రెండు గంటలు.

ఈ రెండు రకాలు ఎలా వచ్చాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అందులో మద్రాసుకూ వాటా ఉంది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర బడికి పర్యవేక్షకుడయ్యాడు. ఓ వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలోనూ అదే పెట్టించబోయాడు. ఉపాధ్యాయులు మొండికేశారు. అయితే సరేనని ఓ పెద్ద పిల్లవాణ్ణి పిలిచి చిన్నవాళ్లకు నేర్పమన్నాడు. పని జరిగిపోయింది. 1797లో ఆయన లండన్‌లో ఈ ప్రయోగం గురించి పుస్తకం వేస్తే దానికి 'మద్రాసు పద్ధతి' అన్న పేరు స్థిరపడింది. పేదపిల్లల చదువు కోసం చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 1811లో నేషనల్ సొసైటీ పెట్టినప్పుడు ఊరూరా దాని బడులు నడిచింది ఈ పద్ధతి మీదే. ఒక్క ఉపాధ్యాయుడి జీతంతో వందల మందికి చదువు చెప్పే చవక మార్గం మరి. మన గుంట ఓనమాలు అలా సముద్రం దాటాయి. ఇదేదో మనం గొప్పకు చెప్పుకునే మాట కాదు. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ బళ్లారి కలెక్టరుగా ఉండగా, 1823లో తన జిల్లాలోని 533 బడుల గురించి రెవెన్యూ బోర్డుకు నివేదిక పంపాడు. వాటిలో ఎక్కువ భాగం తెలుగు, కన్నడ బడులు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతి మెచ్చదగిందనీ, ఇంగ్లండ్ దాన్ని అనుకరించడం సబబేననీ ఆయన అందులో రాశాడు. ఆ బడులు క్షీణించడానికి కారణం దేశం పేదదైపోవడమేనని కూడా అదే నివేదికలో రాశాడు.

నేషనల్ సొసైటీ బడులు చర్చి స్థలాల్లో, చందాలతో లేచాయి. వంద సంవత్సరాలు దాటేసరికి కప్పులు కారడం మొదలైంది, బాగుచేయించే డబ్బు చర్చి దగ్గర లేదు. 1944 విద్యా చట్టంలో నాటి విద్యామంత్రి బట్లర్ చేసిన బేరం ఇది: ఖర్చు మొత్తం ప్రభుత్వానికి వదిలేస్తే బడి 'కంట్రోల్డ్' అవుతుంది, గవర్నర్లలో చర్చి వాళ్లు తక్కువమందే ఉంటారు. భవనాల ఖర్చులో సగం చర్చి భరిస్తే 'ఎయిడెడ్', అప్పుడు టీచర్ల నియామకం, అడ్మిషన్లు, మతం పాఠం చర్చి మనుషులు ఎక్కువగా ఉన్న గవర్నర్ల చేతిలో ఉంటాయి. ఆ సగం వాటా తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు పది శాతానికి వచ్చింది. అధికారాలు మాత్రం తగ్గలేదు. విమర్శకులకు ఒళ్లు మండేది ఇక్కడే, అందులో న్యాయం లేకపోలేదు కూడా.

ఆర్‌ఈ క్లాసు బయటివాళ్లు ఊహించుకున్నంత మతబోధగా ఉండదు. చాలా చర్చి బడులు 2016లో వచ్చిన 'అండర్‌స్టాండింగ్ క్రిస్టియానిటీ' అనే బోధన సామగ్రి వాడతాయి. సృష్టి, పతనం, అవతారం, రక్షణ, దేవుని రాజ్యం వంటి ఎనిమిది భావనల చుట్టూ పాఠాలు అల్లారు. తప్పిపోయిన కుమారుడి కథ చెప్పాక ఓ పిల్లవాణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెడతారు. వాడు ఇప్పుడు ఇంటిపట్టునే ఉండి గొడ్డుచాకిరీ చేసిన పెద్ద కొడుకు. ఆస్తి తగలేసి వచ్చిన తమ్ముడికి నాన్న విందు చేస్తుంటే ఎలా ఉంది, లోపలికి ఎందుకు వెళ్లలేదు, నాన్నది పక్షపాతమా అని తరగతి ప్రశ్నలు వేస్తుంది. వాడు పెద్ద కొడుకుగానే జవాబు చెప్పాలి. తండ్రి చేసింది తప్పని వాదించినా టీచరు కోప్పడదు. పాఠమంతా 'క్రైస్తవుల నమ్మకం ఇది' అన్న పద్ధతిలోనే సాగుతుంది.

మిగతా మతాలూ చెబుతారు: ఇస్లాం, యూదు మతం, హిందూ మతం, సిక్కు మతం. హిందూ మతం పాఠానికి స్టీలు పళ్లెంలో చిన్న గంట, ప్రమిద, కుంకుమ, నీళ్ల పాత్ర పెట్టి చూపిస్తారు. తరగతిలో తెలుగు పిల్ల ఉంటే ఆ పూట ఆ పిల్లే సగం టీచరు. ఇక్కడే ఓ చిన్న చిక్కు వస్తుంది. ఇంగ్లండ్ బడుల్లో దీపావళి అంటే సీతారాములు అయోధ్యకు తిరిగి రావడం. వర్క్‌షీట్లు, బొమ్మలు అన్నీ దాని చుట్టూనే. ఇంట్లో నరకాసురవధ, సత్యభామ కథ విన్న పిల్లకు బడిలో వేరే కథ ఎదురవుతుంది. తప్పెవరిదీ కాదు కానీ, ఒక తేడా మాత్రం బయటపడుతుంది. క్రైస్తవాన్ని లోపలి వాదాలతో, ప్రశ్నలతో సహా ఆరేడేళ్లపాటు చెబుతారు. మిగతా మతాలు పండుగలు, పూజ సామాన్ల దగ్గర ఆగిపోతాయి. చర్చి బడుల ఆర్‌ఈ మీద గట్టిగా చేయదగ్గ విమర్శ ఇదే.

క్లాసు నుంచి హాల్లోకి వస్తే వాతావరణం మారిపోతుంది. ఇక్కడ జరిగేది సామూహిక ఆరాధన, రోజూ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. పిల్లలు వరసలో, మాట్లాడకుండా వచ్చి నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంటారు. ముందున్న బల్ల మీద గుడ్డ రంగు చర్చి క్యాలెండరును బట్టి మారుతుంది: క్రిస్మస్‌కూ ఈస్టరుకూ ముందు ఊదా, పండుగ రోజుల్లో తెలుపు, మామూలు రోజుల్లో ఆకుపచ్చ. దాని మీద కొవ్వొత్తి. నిప్పంటే భయపడే హెడ్ టీచర్ల దగ్గర బ్యాటరీది. 'ప్రభువు మీకు తోడై ఉండును గాక' అని ముందు నిలబడ్డవాళ్లు అంటే పిల్లలు బదులు పలుకుతారు. ఓ కథ, దాని మీద ఒకటో రెండో ప్రశ్నలు, ఓ పాట. ఆ తర్వాత టీచరు ఇలా అంటుంది: "ఇప్పుడు నేనొక ప్రార్థన చదువుతాను. ఇది మీ ప్రార్థన కూడా కావాలనుకుంటే చివర్లో ఆమెన్ అనండి. లేదంటే నిశ్శబ్దంగా కూర్చుని మీకు ఇష్టమైన దాని గురించి ఆలోచించుకోండి."

ఈ మాటలు చర్చి మార్గదర్శకాల నుంచి పుట్టినవి. ఆరాధన అందరినీ కలుపుకోవాలి, ఆహ్వానంలా ఉండాలి, స్ఫూర్తినివ్వాలి అని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన బడులకు చెబుతుంది. బలవంతం ఉండకూడదన్న ఉద్దేశం నిజమైనదే. కానీ చుట్టూ రెండు వందల మంది ఒక్క గొంతుతో ఆమెన్ అంటుంటే ఐదేళ్ల పిల్లవాడు నోరు మూసుకుని కూర్చుంటాడా? ఆ స్వేచ్ఛ పెద్దవాళ్ల ఊహలో ఉన్నంత గట్టిగా పిల్లల దగ్గర ఉండదు. మెలకువగా నడిపే బడికీ యాంత్రికంగా నడిపే బడికీ తేడా తెలిసేది ఆ రెండు వాక్యాలు రోజూ చెబుతున్నారా, ఏడాది మొదట్లో ఒకసారి చెప్పి వదిలేశారా అన్నదానిలోనే.

తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన హక్కు ఒకటుంది. కారణం చెప్పక్కర్లేకుండా పిల్లల్ని ఆరాధన నుంచి, ఆర్‌ఈ నుంచి తప్పించవచ్చు. ఎయిడెడ్ బడిలోనూ ఈ హక్కు ఉంది. వాడుకునేవాళ్లు తక్కువే. ఎందుకంటే ప్రార్థన జరిగే హాల్లోనే పుట్టినరోజు పాటలు, సర్టిఫికెట్లు, ఆటల పోటీల ఫలితాలు కూడా. పిల్లవాణ్ణి ఒక్కణ్ణీ లైబ్రరీలో కూర్చోబెట్టడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది?

మన దేశంతో పోలిస్తే లెక్క తలకిందులుగా ఉంటుంది. భారత రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ సహాయం పొందే మిషన్ బడి అయినా, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లవాణ్ణి మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదు. అంటే ఒప్పుకుంటేనే లోపలికి. ఇంగ్లండ్‌లో అందరూ లోపలే, వద్దనుకుంటే బయటికి. పైగా అక్కడ రోజువారీ ఆరాధన చర్చి బడులకే పరిమితం కాదు. 1944 నుంచి అన్ని ప్రభుత్వ బడులకూ చట్టరీత్యా తప్పనిసరి. చర్చికి సంబంధం లేని బడిలో సైతం అది ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలని 1988 చట్టం అంటుంది. ఆ బడుల్లో అమలు పలచబడి చాలాకాలమైంది. చర్చి బడులు మాత్రం దాన్ని పట్టుదలగా నడుపుతున్నాయి. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ తెరిచిన బడి కూడా ఇదే చర్చి వాళ్ల మిషన్‌ది. అయితే అక్కడ ఆ చర్చి చుట్టూ ఉన్నవాళ్లలో మైనారిటీ, ఇంగ్లండ్‌లో అది రాజు అధిపతిగా ఉన్న అధికార మతం. పిల్లవాడు ఆమెన్ అనడానికి రెండు చోట్లా ఒకే అర్థం ఉండదు.

ఇక విలువలు. హాల్లో గోడకు ఆరో ఏడో మాటలు పెద్దక్షరాలతో ఉంటాయి: దయ, కృతజ్ఞత, క్షమ, ఓర్పు, నమ్మకం, ధైర్యం. ప్రతి అర్ధ టర్మ్‌కు ఒకటి తీసుకుంటారు. దానికో బైబిలు కథ, దానికో పోస్టరు, దాన్ని చేతల్లో చూపిన పిల్లలకు స్టిక్కరు. అక్టోబరు ప్రాంతంలో పంటల పండుగకు పిల్లలు బీన్స్ డబ్బాలు, పాస్తా పాకెట్లు తెస్తే ఫుడ్ బ్యాంకుకు పంపుతారు. వీటన్నిటిలో ఏది క్రైస్తవం, ఏది మామూలు మంచితనం? చర్చి కాని బడి గోడ మీదా దాదాపు ఇవే మాటలుంటాయి. దానికి తోడు 2014 నుంచి అన్ని బడులూ ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన, వ్యక్తి స్వేచ్ఛ, పరస్పర గౌరవం, సహనం అనే 'బ్రిటిష్ విలువలు' పెంపొందించాలి. రెండు జాబితాలూ పక్కపక్కనే వేలాడుతుంటాయి. పిల్లలకు తేడా తెలియదు. నిజం చెప్పాలంటే చాలామంది టీచర్లకూ తెలియదు.

తేడా ఉన్న మాట ఆ జాబితాలో ఒకటే, క్షమ. బంతి కోసం ఇద్దరు తన్నుకుంటారు. "సారీ చెప్పు" అని తోసేయడం ఈ బడుల్లో మంచి పద్ధతి కాదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఏం జరిగింది, అప్పుడు నీ మనసులో ఏముంది, ఎవరికి నొప్పి కలిగింది, దీన్ని సరిచేయడానికి ఏం చేస్తావు అని వరసగా అడుగుతారు. ఈ పద్ధతి చర్చి కనిపెట్టింది కాదు, మామూలు బడుల్లోనూ వాడతారు. చర్చి బడిలో దానికి వెనక ఓ కథ ఉంటుంది: తప్పిపోయి వచ్చిన కొడుకు, పరుగెత్తి ఎదురెళ్లిన తండ్రి. పిల్లలకు ఆ కథ తెలుసు కాబట్టి సంభాషణకు ఆధారం దొరుకుతుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. దెబ్బ తిన్నవాడి మీద 'క్షమించాలి కదా' అన్న ఒత్తిడి పడితే, రోజూ ఏడిపించేవాడికి అదొక లైసెన్సు అవుతుంది. క్షమించడం వేరు, శిక్ష లేకపోవడం వేరు అని హెడ్ టీచర్ తల్లిదండ్రులకు విడమరచి చెప్పలేకపోతే ఆ బడిలో ఆ విలువ గోడ మీదే ఉందనుకోవాలి.

విలువలు జాబితాలుగా మిగిలిపోతున్నాయని చర్చికీ అర్థమైంది. 2016లో వెలువరించిన విద్యా దార్శనిక పత్రంలో యోహాను సువార్త 10:10లోని సమృద్ధియైన జీవం అన్న మాటను ఆధారం చేసుకుని జ్ఞానం, ఆశ, సమాజం, మానవ గౌరవం అనే నాలుగింటిని ముందుకు తెచ్చింది. ఇప్పుడు చర్చి బడులకు ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ తనిఖీతో పాటు 'సియామ్స్' అనే చర్చి వారి మరో తనిఖీ ఉంటుంది. 2023 సెప్టెంబరు నుంచి అందులో గ్రేడులు తీసేశారు. విలువలు ఎన్ని ఉన్నాయని అడగరు. బడి చెప్పుకునే క్రైస్తవ దృక్పథం వల్ల పాఠ్యప్రణాళికలో, వెనకబడిన పిల్లల విషయంలో, సిబ్బందితో వ్యవహరించడంలో ఏ నిర్ణయం మారిందో చూపించమంటారు. బడి తన పునాదికి తగ్గట్టు నడుస్తోందా లేదా అన్నదే తీర్పు. నివేదికల్లో భాష ఇంకా పొగడ్తలతో బరువెక్కి ఉంటుంది, అయినా ఆ ప్రశ్న సరైన ప్రశ్నే.

దాన్ని గట్టిగా అడగాల్సిన చోటు అడ్మిషన్లు. కంట్రోల్డ్ బడుల్లో సీట్లు కౌన్సిల్ నిబంధనల ప్రకారమే, సాధారణంగా దూరాన్ని బట్టి వస్తాయి. ఎయిడెడ్ బడుల్లో సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే గవర్నర్లు మతాన్ని బట్టి వరస పెట్టవచ్చు. సమానత్వ చట్టం దీనికి మినహాయింపు ఇచ్చింది. అప్పుడు మామూలు దరఖాస్తుతో పాటు ఇంకో ఫారం నింపాలి. నెలకు ఎన్ని ఆదివారాలు, ఎంతకాలంగా చర్చికి వస్తున్నారో రాస్తే వికార్ (ఆ చర్చి మతగురువు) సంతకం పెడతాడు. పేరున్న బడి ఉన్న ప్రాంతంలో పిల్లలకు మూడేళ్లు రాగానే చర్చికి వచ్చే కుటుంబాలు పెరగడం, సీటు వచ్చాక పలచబడటం అందరికీ తెలిసిన సంగతే. కోవిడ్‌తో చర్చిలు మూతపడ్డప్పుడు, తెరిచి ఉన్న రోజులకే హాజరు లెక్కిస్తామని అడ్మిషన్ నిబంధనల్లో సవరణలు చేసుకోవాల్సి వచ్చింది. ఓపిక, తీరిక, కారు ఉన్న మధ్యతరగతి తల్లిదండ్రులకు ఈ ఫారం సులువు. ఆదివారం షిఫ్టులో ఉండే నర్సుకో, హోటల్లో పనిచేసే తండ్రికో కాదు. పేదపిల్లల కోసం పుట్టిన బడి గేటు దగ్గర ఇలాంటి వడపోత ఉంటే, లోపల గోడ మీద 'సమాజం' అన్న మాట ఎంత పెద్దక్షరాలతో రాసినా అతకదు.

అన్ని బడులదీ ఇదే కథ అనుకోవడానికీ లేదు. బ్లాక్‌బర్న్, లెస్టర్ వంటి పట్టణాల్లో పిల్లల్లో ఎక్కువమంది ముస్లింలో హిందువులో అయిన చర్చి బడులున్నాయి. ఎన్నో ఎయిడెడ్ బడులు మతం షరతును తామే తీసేశాయి, లేదా కొన్ని సీట్లకే పరిమితం చేశాయి. లండన్‌లో జననాలు తగ్గి చాలా బడుల్లో సీట్లు మిగిలిపోతున్నాయి. ఖాళీ ఉంటే అడిగినవాళ్లకు ఇవ్వాల్సిందే, మతం చూడకూడదు.

కాబట్టి ఓ తెలుగు కుటుంబం చర్చి బడి గురించి తెలుసుకోవాలంటే సిలబస్ కంటే ముందు బడి వెబ్‌సైట్‌లో మూడు కాగితాలు చదవాలి: అడ్మిషన్ విధానం, సామూహిక ఆరాధన విధానం, ఆఖరి సియామ్స్ నివేదిక. బడి చూడటానికి వెళ్లినప్పుడు, ఆమెన్ అనని పిల్లలు హాల్లో ఏం చేస్తారని హెడ్ టీచర్‌ను అడిగితే వచ్చే జవాబు బ్రోచర్ కంటే ఎక్కువ చెబుతుంది. సెప్టెంబరులో రిసెప్షన్ అనే తొలి తరగతిలో చేరాలంటే దరఖాస్తుకు ఆఖరు తేదీ ఆ ఏడాది జనవరి 15. చర్చి ఫారం అవసరమైన బడి అయితే దాని గడువు, దాన్ని ఎవరికి ఇవ్వాలన్నది కౌన్సిల్ కాగితంలో కాక బడి విధానంలో ఉంటుంది.